బాగున్నానని చెప్పిన నెలలు

ఈమధ్య కొంచెం తెరిపిన పడ్డాను. తెరిపంటే పెద్దగా ఏమీ కాదు. పొద్దున లేవగానే పళ్ళు తోముకోవాలనిపిస్తోంది, తోముకుంటున్నాను. అంతే. దానికే మా ఇంట్లో పండగ చేసుకుంటున్నారు. రాయడానికి కూర్చుంటే రెండు పేజీలకే చెయ్యి లాగేస్తోంది. పడుకుంటాను, మళ్ళీ లేచి రాస్తాను. అందుకని ఇది ఒక్క తీరుగా ఉండదు, ఏమీ అనుకోకండి. నాలాగా నోరు కట్టుకుని కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ కంట పడాలని నా ఆశ.

మాది ఆమదాలవలస. గోనె సంచుల వ్యాపారం. మా బావ నెల్లిమర్ల నుంచి కొత్త సంచులు, రైసు మిల్లుల దగ్గర్నుంచి పాత సంచులు తెస్తాడు. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పాత సంచుల చిరుగులు దబ్బనంతో పురికొసేసి కుడితే మళ్ళీ అమ్ముడుపోతాయి. ఆ కుట్టుడు పని పాతికేళ్ళుగా నాది. మా ఒక్కగానొక్క కూతురు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దుకాణంలో ముందు కూర్చునేది అత్త. డెబ్భై దాటినా ఇంట్లో ఆవిడ మాటే మాట.

అత్త సంగతి ముందే చెప్పాలి. చెడ్డమాట ఆవిడ నోట రాదు, ఇంకొకళ్ళ నోట రానివ్వదు. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. దుకాణంలో సరుకు లేదనకూడదు, రేపొస్తాదనాలి. ఇవి అందరిళ్ళలోనూ ఉన్నవే. మా ఇంట్లో ఇంకో నాలుగాకులు ఎక్కువ. జ్వరమొస్తే "ఒళ్ళు కొంచెం ఎచ్చగున్నాది" అనాలి. ఎవరైనా పోతే ఆ మనిషి ఊసే ఎత్తకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనమేదంటే అదే జరుగుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ చేతిలో పెరిగినదాన్ని, నా నమ్మకమూ అదే.

ఆషాఢంలో మొదలైంది. ఫలానా రోజని చెప్పలేను. ఓ ఉదయం దబ్బనంలో పురికొస ఎక్కించబోతే చెయ్యి ఆగిపోయింది. వణుకు కాదు, నొప్పి కాదు. ఎందుకు ఎక్కించాలో తెలియలేదు. దబ్బనం ఓ చేత్తో, కొస ఇంకో చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ తర్వాత నిద్ర పోయింది, ఆకలి పోయింది. తడిసిన బస్తా ఎవరో గుండెల మీద పెట్టి మర్చిపోయినట్టుండేది. మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ఇదే ఆఖరనిపించేది. కాసేపటికి తగ్గేది. తగ్గాక ఇంకా నీరసం.

కారణమంటారా? లేదు. అదే నా ఖర్మ. వచ్చినవాళ్ళంతా అదే అడిగేవారు. "నీకేటి తక్కువే? మొగుడు బంగారం, గుంట సదూతన్నాది, కూకుని సంచులు కుట్టుకోడం తప్ప ఇంకేటి పని?" అని. వాళ్ళు వెళ్ళాక సిగ్గుతో కుంగిపోయేదాన్ని. ఏదో ఒక కారణం ఉన్నా బాగుండేది, చూపించడానికి.

బావ మొదట్లో విసుక్కున్నాడు. "ఏటే, ఇంకా లేవనేదేటి? మిల్లోళ్ళు వచ్చి కూకున్నారు." తర్వాత భయపడ్డాడు. శ్రీకాకుళం తీసుకెళ్ళి గుండె చూపించాడు. బాగుందన్నారు. రక్తం తీశారు, అదీ బాగుందన్నారు. గ్యాసన్నారు, బలం లేదన్నారు. ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని ఎదుటి గోడ మీది సున్నం పెచ్చులు లెక్కబెట్టడం నేర్చుకున్నాను. బాగుందని చెప్పినప్పుడల్లా బావ మొహం విప్పారేది, నాకు ఏడుపొచ్చేది. ఏదైనా దొరికితే బాగుణ్ణని మొక్కుకున్న రోజులున్నాయి, నవ్వుకుంటే నవ్వుకోండి.

భాద్రపదంలో ఎవరో చెప్తే విజయనగరం వెళ్ళాం, మనసుకి వైద్యం చేసే డాక్టరు గారి దగ్గరికి. మా అత్త మాత్రం ఇరుగుపొరుగుకి "నరాల డాక్టరు" అనే చెప్పింది. నా వెంట ఆవిడే వచ్చింది, దుకాణం వదిలి బావ రాలేకపోయాడు. డాక్టరు గారు చిన్నవాడే, నెమ్మదస్తుడు. "ఎలా ఉందమ్మా?" అని నన్నడిగారు. అత్త చెప్పింది. "పర్నేదు బాబూ. కొంచెం నిద్దర తక్కువ. పని మీద ద్యాస తగ్గినాది."

"మనసులో ఏమైనా చెడ్డ ఆలోచనలు వస్తున్నాయా?" అని మళ్ళీ నన్నే అడిగారు.

"సీ సీ, మా గుంట అలాటిది కాదు బాబూ" అంది అత్త. నేను తలూపాను. ఆయన మాత్రలు రాసి, మానొద్దని రెండుసార్లు చెప్పి పంపించారు.

మాత్రలు పని చేశాయి. ఆ మాట దాచకూడదు. మూడు వారాలకి నిద్ర వచ్చింది, కాస్త తిండి సయించింది. బస్తా బరువు మాత్రం అలాగే ఉంది.

విజయనగరంలో సిరిమాను పండగ దగ్గర పడుతున్న రోజుల్లో సంచుల కోసం వచ్చిన మిల్లు ఆసామి భార్య చెప్పింది, కొత్తవలసలో లలిత టీచరని ఒకావిడ ఉన్నారని. పంతులమ్మగా రిటైరయ్యారు. ఏవో శక్తి చికిత్సలు నేర్చుకుని, ఇంటికి వచ్చినవాళ్ళకి చేస్తుంటారు. వారానికోసారి తరగతి. మందూ మాకూ లేదు, చేత్తోనే. అత్తకి ఈ మాట తెగ నచ్చింది. "డాట్రు సీటీ కన్నా ఇది నయమే" అంది. పాసింజరు రైలెక్కి నేనూ అత్తా వెళ్ళాం. పండగ జనంతో కిక్కిరిసిన రైల్లో, విజయనగరం దాకా నిలబడే ఉన్నాం.

టీచరు గారిల్లు స్టేషను వెనకాల. ముందుగదిలో చాపలు పరిచి, పదిహేను మంది దాకా ఆడవాళ్ళు. మా ముందు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పాఠం చెప్పినట్టే చెప్పారు. అరచేతి అంచు మీద, కనుబొమ్మ మొదట్లో, కంటి కింద, ముక్కు కింద, మెడ ఎముకల దగ్గర, రెండు వేళ్ళతో మెల్లగా తట్టాలి. తడుతూ మనలోని బాధేమిటో పైకి అనాలి. "నాలో ఈ బాధ ఉంది. ఉన్నా సరే, నన్ను నేను వదులుకోను" అని. ఉన్న బాధని ఉన్నట్టు పేరు పెట్టి పిలవాలి, అదే మొత్తం కిటుకు అన్నారు. మధ్యలో కిరండూల్ వైపు నుంచి ఖనిజం గూడ్సు వచ్చింది. కిటికీలు గడగడలాడాయి. అది పోయేదాకా పదిహేను మందిమీ కనుబొమ్మల మీద వేళ్ళు పెట్టుకుని ఆగాం. చాన్నాళ్ళకి నాకు నవ్వొచ్చింది.

ఆఖర్న ఒక్కొక్కరినీ పడుకోబెట్టి తల దగ్గర అరచేతులు పెట్టేవారు, తాకీ తాకకుండా. శక్తి ప్రవహిస్తుందంటారు. ప్రవహించిందో లేదో నాకు తెలీదు, నేను సంచులు కుట్టుకునే మనిషిని. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఎన్నేళ్ళయిందో నా తల దగ్గర ఎవరైనా ఊరికే చెయ్యి పెట్టి. వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ ఏమీ అడగలేదు, చెయ్యి తియ్యలేదు. ఆ మేలు నేను మర్చిపోను.

తట్టడం వల్ల కూడా మంచే జరిగింది. గుండె దడ వచ్చినప్పుడు మెడ ఎముకల దగ్గర తట్టుకుంటూ ఊపిరి లెక్కపెట్టుకుంటే అది త్వరగా దిగిపోయేది. వచ్చిన చిక్కల్లా ఆ పలికే మాటతోనే.

"నాకు భయంగా ఉంది" అనమంటారు. ఎలా అంటాను? పక్కన అత్త కూర్చుంది. పైన దేవతలు తిరుగుతున్నారు. అందరూ కళ్ళు మూసుకుని "నాకు దుఃఖంగా ఉంది, నాకు కోపంగా ఉంది" అని తడుతుంటే నేను పెదాలు కదుపుతూ లోపల "నాకు భయం లేదు, నేను బాగున్నాను, అంతా బాగుంది" అనుకునేదాన్ని. పక్కనుంచి అత్త నా చెవిలో ఊదేది కూడా. "మంచిమాటే అనుకో. అలగే అయిపోతాది." ఇదంతా టీచరు గారికి తెలీదు. తరగతయ్యాక ఎలా ఉందని అడిగేవారు. బాగుందనేదాన్ని. మరీ మరీ అడిగితే చాలా బాగుందనేదాన్ని.

అలా అనీ అనీ నేను అందరికీ ఆదర్శమైపోయాను. కొత్తవాళ్ళొస్తే "సత్యవతి గారూ, లేచి మీ అనుభవం చెప్పండి" అనేవారు టీచరు. లేచి చెప్పేదాన్ని. ఆషాఢంలో ఇలా ఉండేదాన్ని, ఇప్పుడిలా బాగయ్యాను అని. వాళ్ళ కళ్ళలో ఆశ కనిపించేది. ఓలమ్మ, ఆ కళ్ళు చూశాక బాగులేదని ఎలా చెప్పను? విజయనగరం డాక్టరు గారికీ అదే చెప్పాం. పక్క చాప మీదావిడ ఓసారి నా సంచిలో మాత్రలు చూసి, "బాగైపోయినాక ఇంకా ఇవెందుకమ్మా? శక్తికి అడ్డం కాదా?" అంది. టీచరు అనలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ఆవిడ మందులు మానమని ఎవరికీ చెప్పేవారు కాదు. నాకు మాత్రం ఆ ముక్క మనసులో నాటుకుంది. బాగున్న మనిషి మాత్రలెందుకు మింగాలి? కార్తీక మాసంలో ఓ సోమవారం మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

మార్గశిరం వచ్చింది. కోతలయ్యి ధాన్యం బస్తాలకెక్కే రోజులు, మా దుకాణానికి ఊపిరాడని కాలం. నా ముందు చిరిగిన సంచుల గుట్ట పెరుగుతూనే ఉంది. ఒక్కటీ కుట్టలేను. బావ తనే దబ్బనం పట్టుకుని, వేలు గుచ్చుకుని, నా మీద అరిచాడు. "కొత్తవలసెళ్ళి బాగున్నానంతావు, ఇంటికాడ ఇలాగుంతావు. ఏటే నీ నాటకం?" ఆ మాట అన్నందుకు తనే అన్నం మానేసి కూర్చున్నాడు పాపం.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. క్లుప్తంగా రాస్తాను. నాకు బతకాలని లేకుండా పోయింది. దుఃఖంతో కాదు, అలుపుతో. నేను లేకపోతే వీళ్ళకి హాయి అనే ఆలోచన ఓ లెక్కలా వచ్చి కూర్చుంది. నాలుగు రోజులు దాంతోనే తిరిగాను. వంట చేశాను, కూతురికి ఫోన్లో "బాగున్నానే" అన్నాను. పైకి అంటే జరిగిపోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతేనే జరిగిపోతుందని తట్టలేదు.

అయిదో రోజు తరగతి. అత్త బయల్దేరదీసింది. ఆ రోజు కొత్తవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి గోడకి జారగిలబడి ఉంది, చేతులు ఒళ్ళో వదిలేసి. ఆషాఢంలో నేను ఎలా కూర్చున్నానో అచ్చం అలాగే. "సత్యవతి గారూ, చెప్పండి" అన్నారు టీచరు. లేచాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. బాగున్నానని అనబోయాను. ఈ పిల్ల నా మాట నమ్మి నాలాగే అయిపోతుందనిపించింది.

"నేను బాగునేను టీచరు గారూ" అన్నాను. "మందులు మానేసినాను. నాలుగురోజులబట్టి నాకు సచ్చిపోవాలనే ఉన్నాది."

అత్త ఒక్క ఉదుటున లేచి నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "తప్పు తప్పు! ఏటే ఆ మాట! ఉమ్మెయ్! బేగి ఉమ్మెయ్!"

టీచరు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు. "అననివ్వండమ్మా. ఎన్నాళ్ళబట్టి మోస్తోందో."

మిగతావాళ్ళని ఇంటి లోపలికి పంపించేశారు. ఆవిడ తట్టలేదు, అరచేతులు పెట్టలేదు, శక్తి మాటే ఎత్తలేదు. నా ఎదురుగా కూర్చుని సూటిగా అడిగారు. ఏమైనా చేసుకోవాలని ఆలోచించావా, ఎప్పటినుంచి, ఇంకెవరికి తెలుసు అని. అన్నిటికీ చెప్పాను. చెప్తుంటే ఆకాశం విరిగి మీద పడలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది నా చేతిలో పని కాదు తల్లీ. నేను నీ మొహం చూడాల్సింది, మాట విని ఊరుకున్నాను. తప్పు నాది. పద, డాక్టరు దగ్గరికి. నేనూ వస్తాను" అన్నారు. బావకి ఫోను చేసి విజయనగరం రమ్మని ఆవిడే చెప్పారు.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నంత సేపు నేను ఏ జన్మలోనూ కూర్చోలేదు. ఒక పక్క టీచరు, ఒక పక్క అత్త. టీచరు డాక్టరు గారి సహాయకురాలితో ముందే మాట్లాడారు, అయినా మా ముందు ఇద్దరున్నారు. ఎదుటి బెంచీ మీద చీపురుపల్లి వైపు రైతింటావిడ, కొడుకుని తీసుకొచ్చింది. వాడు గోడతో మాట్లాడుతున్నాడు. ఆవిడ ఉడికించిన తేగలు తెచ్చుకుంది. ఒకటి చీల్చి, పీచు తీసి నా చేతిలో పెట్టింది. "తిను పాపా. కడుపులో ఏదేనా ఉంటే దిగులు సగం." నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఆవిడకెలా తెలిసిందో. తిన్నాను.

బావ పరిగెత్తుకుంటూ వచ్చాడు, తలనిండా గోనె పీచుతో. వచ్చి నా ముందు నేల మీదే కూలబడ్డాడు. "నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే నిజమైపోతాదని బావా."

బావ ఏడ్చాడు. అందరి ముందూ, పెద్దగా. పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదలు. అరిచినందుకు తిట్టుకున్నాడు, దబ్బనం గుచ్చుకున్న వేలు చూపించి ఏడ్చాడు, ఎందుకో నాకూ తెలీదు. నేను బావ తలలో పీచు ఏరుతూ కూర్చున్నాను.

లోపల డాక్టరు గారు మళ్ళీ అదే అడిగారు. ఎలా ఉందమ్మా అని. అత్త నోరు తెరిచింది. తెరిచి మూసుకుంది. నేనే చెప్పాను, మొదట్నుంచీ. మాత్రలు మానినందుకు ఆయన తిట్టలేదు. "ఇది ముందే చెప్పి ఉంటే మీకు ఇన్ని నెలలు పట్టేది కాదు" అన్నారంతే. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మందు మార్చారు. టీచరు గారు రెండుసార్లు కొత్తవలస నుంచి వచ్చారు, పళ్ళు పట్టుకుని. మొదటిసారి వచ్చినప్పుడు తరగతిలో ఇప్పుడు మొదటి మాటగా ఏం చెప్తున్నారో చెప్పారు. "మందు వాడేవాళ్ళు మానొద్దు, బాగోలేనివాళ్ళు బాగున్నామని చెప్పొద్దు." ఆ గోడకి జారగిలబడిన పిల్లని కూడా డాక్టరుకి చూపించారట.

ఆ తర్వాతి నెలలు చప్పగా గడిచాయి. కథలు ఏమీ లేవు. మందు వల్ల నోరు ఎండిపోయేది, ఒళ్ళు బరువెక్కింది. రెండు రోజులు బాగుంటే మూడోరోజు కూలబడేదాన్ని. బావ రోజూ టీ గ్లాసు చేతికిచ్చి అడుగుతాడు. "నిజం సెప్పు. ఎలాగున్నాది?" కొన్నిరోజులు బాగునేదంటాను. ఆ మాటకి ఇప్పుడు తను కంగారు పడడు. "సరే, కూకో" అంటాడు. ఈ రెండు మాటలకి ఎంత నిద్ర పడుతుందో మీకు చెప్పలేను. తట్టుకోవడం కూడా మానలేదు నేను. గుండె దడ వస్తే మెడ ఎముకల మీద రెండు వేళ్ళు పడతాయి. ఇప్పుడు ఉన్నమాటే పైకి అంటాను. మాత్ర మింగాక.

మీలో ఎవరికైనా అటువంటి ఆలోచన వస్తుంటే, దయచేసి ఎవరో ఒకరికి ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేత్తో తట్టేవాళ్ళకైనా, చీటీ రాసేవాళ్ళకైనా, పక్క బెంచీ మీదున్నవాళ్ళకైనా. ఆ మాట లోపల ఉంచుకుంటే కుళ్ళుతుంది. ఇంత కన్నా నాకు చెప్పడం రాదు.

మొన్న వైశాఖంలో విజయనగరం వెళ్ళాం, మందు సంగతి చూపించుకోడానికి. ఎప్పట్లాగే అత్త వెంట వచ్చింది. డాక్టరు గారు నన్ను చూసి, కొంచెం తగ్గిద్దాం అన్నారు. నేను లేచాను. ఆ స్టూలు మీద అత్త కూర్చుంది.

"ఏటత్తా, ఎల్దాం పద" అన్నాను.

"ఉండవే." ఆవిడ కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటోంది. డాక్టరు వైపు చూడలేదు, బల్ల వైపు చూస్తూ అంది. "బాబూ, నాకూ ఓ సీటీ రాయి. నాకూ నిద్దరుండదు. శానా ఏళ్ళబట్టి."

"ఎప్పట్నుంచమ్మా?"

అత్త కొంగు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది. "నా పెద్దకొడుకు సచ్చిపోనాడు బాబూ. దీని మొగుడి కన్నా ముందోడు. నాలుగేళ్ళోడు."

నేను ఆ ఇంట్లోనే పుట్టినట్టు పెరిగాను, పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాను. బావకి ఒక అన్న ఉండేవాడని నాకు తెలీదు. బావకీ తెలీదు.

డాక్టరు గారు కొత్త చీటీ తీసి, "మీ పేరు చెప్పండమ్మా" అన్నారు.

"రామ్మూర్తి" అంది అత్త.

"అది మీ అబ్బాయి పేరా అమ్మా? మీ పేరు?"

ఆవిడ వినిపించుకోలేదు. వాడికి జీడిమామిడి పండ్లంటే ప్రాణమని, ఎడమ చేత్తోనే తినేవాడని, జొరమొచ్చిన రోజు కూడా ఆడుకున్నాడని చెప్తూనే ఉంది. డాక్టరు గారు కలం కింద పెట్టేసి, కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నారు. నేను వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.